పాత అంకెకు కొత్త కొలత

1859లో బొంబాయిలో రాసుకున్న అయస్కాంత రీడింగులు ఈనాటి విద్యుత్ గ్రిడ్లకు హెచ్చరిక. కానీ వాటిని నేటి యూనిట్లలోకి తేవడం ఒట్టి గుణకారంతో తేలిపోయే పని కాదు

1859 సెప్టెంబర్ 1. ఇంగ్లండ్‌లో రిచర్డ్ కారింగ్టన్, రిచర్డ్ హాడ్జ్‌సన్ అనే ఇద్దరు ఖగోళ పరిశీలకులు సూర్యబింబం మీద ఉన్నట్టుండి మెరిసిన తెల్లటి వెలుగును విడివిడిగా చూశారు. పదిహేడున్నర గంటల తర్వాత దాని ప్రభావం భూమిని తాకింది. యూరప్, అమెరికాల్లో టెలిగ్రాఫ్ లైన్లు అస్తవ్యస్తమయ్యాయి. అదే సమయంలో, అంటే సెప్టెంబర్ 2న, బొంబాయిలోని కొలాబా వేధశాల సిబ్బంది ఎప్పటిలాగే దూరదర్శినికి కన్నానించి స్కేలు మీది గీతలు చదువుతున్నారు. అంకెలు కిందికి జారిపోతున్నాయి. రోజూ గంటకోసారి తీసే రీడింగులను ఆ రోజు మరింత తరచుగా తీసి పుస్తకంలోకి ఎక్కించారు.

ఆ పుస్తకం విలువ ప్రపంచానికి తెలియడానికి 144 ఏళ్లు పట్టింది. 2003లో అమెరికా శాస్త్రవేత్త బ్రూస్ సురుతాని, భారత భూఅయస్కాంత సంస్థకు చెందిన జి.ఎస్. లఖీనా, మరో ఇద్దరు శాస్త్రవేత్తలు కలిసి కొలాబా రికార్డును విశ్లేషించారు. ఆ తుపానులో భూఅయస్కాంత క్షేత్రం సుమారు 1,600 నానోటెస్లాలు పడిపోయిందని లెక్క తేల్చారు. రికార్డుల్లో ఉన్న భూఅయస్కాంత తుపాన్లన్నింటికీ ఇప్పటికీ అదే గీటురాయి.

అయితే, కొలాబా సిబ్బంది పుస్తకంలో నానోటెస్లా అన్న మాట లేదు. ఉండే అవకాశమూ లేదు. నికోలా టెస్లా పుట్టి అప్పటికి మూడేళ్లు. ఆయన పేరు ఒక యూనిట్‌కు పెట్టింది 1960లో. మరి ఆనాటి అంకెలు ఈనాటి యూనిట్‌లోకి ఎలా వచ్చాయి? దారిలో ఎక్కడైనా జారిపడితే ఏమవుతుంది?

అడుగులు, గ్రెయిన్లు, సెకన్లు

కొలాబా వేధశాలను ఈస్టిండియా కంపెనీ 1826లో నెలకొల్పింది. అయస్కాంత పరిశీలనలు 1841లో మొదలయ్యాయి. బ్రిటన్ తన వలసలన్నింటా అయస్కాంత కేంద్రాలు పెట్టి, ఒకే సమయంలో రీడింగులు తీయించాలని పూనుకున్న కాలం అది. మద్రాసు, సిమ్లా, సింగపూర్‌లు కూడా ఆ జాబితాలో ఉన్నాయి.

పరికరాలు డబ్లిన్‌లోని గ్రబ్ సంస్థ తయారీ. వేలాడదీసిన అయస్కాంతానికి చిన్న అద్దం అమర్చి ఉండేది. అయస్కాంతం కదిలితే అద్దమూ కదులుతుంది, అందులో కనిపించే స్కేలు గీతలూ జరుగుతాయి. అంటే పుస్తకంలోకి ఎక్కింది అయస్కాంత బలం కాదు, గీతల సంఖ్య మాత్రమే. ఒక గీత జరిగితే బలంలో ఎంత మార్పో తెలియాలి. వేడెక్కితే అయస్కాంతం బలహీనపడుతుంది కాబట్టి గది ఉష్ణోగ్రతకు సవరణ చేయాలి. క్షేత్రం అసలు బలమెంతో వేరే ప్రయోగంతో కొలవాలి. ఇవన్నీ అయ్యాకే యూనిట్ సంగతి.

ఆ వేరే ప్రయోగం జర్మన్ గణిత మేధావి కార్ల్ ఫ్రీడ్రిష్ గాస్ చలవ. అయస్కాంత కడ్డీ ఒకసారి అటూ ఇటూ ఊగడానికి పట్టే కాలం, అది మరో సూదిని ఎంత దూరం నుంచి ఎంత పక్కకు నెట్టగలదన్నది కొలిస్తే చాలు, భూమి అయస్కాంత బలాన్ని పొడవు, ద్రవ్యరాశి, కాలం అనే మూడు మామూలు కొలతల్లోనే చెప్పవచ్చని 1832లో ఆయన చూపించారు. ఆయన వాడింది మిల్లీమీటరు, మిల్లీగ్రాము, సెకను. తమాషా ఏమిటంటే గాస్ వాడిన యూనిట్, తర్వాతి కాలంలో ఆయన పేరు పెట్టుకున్న ‘గాస్’లో సరిగ్గా పదో వంతు. గాస్ సొంత పట్టికల్లోని అంకెలను గాస్‌లు అనుకుంటే పది రెట్ల తప్పు.

బ్రిటిష్ వారు ఇదే పద్ధతిని తమ కొలతల్లోకి దించుకున్నారు. పొడవుకు అడుగు, ద్రవ్యరాశికి గ్రెయిన్, కాలానికి సెకను. అక్కడి నుంచి సెంటీమీటరు, గ్రాము, సెకన్లతో కూడిన సి.జి.ఎస్. పద్ధతికి రావాలంటే ఒక గ్రెయిన్‌లో ఉన్న గ్రాములను (0.0648) ఒక అడుగులో ఉన్న సెంటీమీటర్లతో (30.48) భాగించి వర్గమూలం తీయాలి. వచ్చేది 0.046108. ఒక బ్రిటిష్ యూనిట్ అంటే అన్ని గాస్‌లు.

ఉదాహరణకు పాత పట్టికలో భూమికి సమాంతరంగా ఉండే అయస్కాంత బలం 8 అని ఉందనుకుందాం. ఆనాటి బొంబాయి విలువ ఇంచుమించు అంతే. 8ని 0.046108తో గుణిస్తే 0.36886 గాస్. ఒక గాస్‌లో లక్ష గామాలు కాబట్టి అది 36,886 గామాలు. గామా, నానోటెస్లా రెండూ ఒకటే కాబట్టి 36,886 నానోటెస్లాలు. దీన్నిబట్టి 1859 సెప్టెంబర్ 2న బొంబాయిలో భూమి అయస్కాంత బలం నాలుగు శాతానికి పైగా తగ్గిపోయిందన్న మాట. పాత యూనిట్లలో చెబితే 8లో 0.35 మాత్రమే తగ్గింది.

సున్నాలతో చెలగాటం

0.046108లో చివరి మూడంకెలను చాదస్తమని కొట్టిపారేస్తే? 8ని 0.046తో గుణిస్తే 36,800 వస్తుంది. తేడా 86 నానోటెస్లాలు. శాస్త్రవేత్తల వర్గీకరణలో 50 నుంచి 100 నానోటెస్లాల పతనం ఒక మోస్తరు అయస్కాంత తుపాను కింద లెక్క. అంటే ఆకాశంలో ఏమీ జరగకపోయినా, గుమాస్తా చేసిన సవరింపు వల్ల కాగితం మీద తుపానంత తేడా వచ్చిపడుతుంది. ఒకే రోజులోని హెచ్చుతగ్గులు చూసేవారికి ఇది పెద్దగా అడ్డు రాదు. ఆరంభ విలువ, చివరి విలువ రెండూ ఒకేలా తప్పుతాయి కాబట్టి తేడా దాదాపు నిలుస్తుంది. కానీ పాత యూనిట్ల పట్టిక ముగిసి కొత్త యూనిట్ల పట్టిక మొదలయ్యే సంవత్సరంలో ఒక దొంగ మెట్టు పుట్టుకొస్తుంది.

ఆ మెట్టు ఎందుకు ప్రమాదకరమంటే, భూఅయస్కాంత క్షేత్రం నిజంగానే మారుతోంది. గాస్ కొలతలు మొదలుపెట్టిన 1830ల నుంచి నేటి దాకా భూమి ప్రధాన అయస్కాంత బలం దాదాపు 9 శాతం తగ్గింది. భూగర్భంలో ఉడుకుతున్న ఇనుప ద్రవం కదలికలే అందుకు కారణం. ఈ తగ్గుదల ఎంత వేగంగా సాగుతోంది, ఎక్కడ ఎక్కువ, ఎక్కడ తక్కువ అన్న ప్రశ్నలకు జవాబు చెప్పేది వందేళ్లకు పైబడిన రికార్డులే. వాటిలో ప్రకృతి మార్పు ఏది, యూనిట్ మార్పు ఏది అని వేరు చేయలేకపోతే రికార్డు ఉండీ లేనట్టే.

కొలాబా అదృష్టం నానాభాయ్ అర్దేషిర్ ఫ్రాంజీ మూస్. ఆ వేధశాలకు తొలి భారతీయ డైరెక్టర్. 1846 నుంచి 1905 దాకా ఆరు దశాబ్దాల రీడింగులను సమీకరించి, చర్చించి 1910లో రెండు భాగాలుగా అచ్చు వేయించారు. ఆ సంపుటాలు నేటికీ పరిశోధకులకు చేతి పుస్తకాలు. అంకెలతో పాటు వాటిని ఎలా రాబట్టారో కూడా ఆనాటి వేధశాల ప్రచురణలు రాసిపెట్టాయి కాబట్టే తర్వాతి తరాలు వాటిని మళ్లీ లెక్కించగలిగాయి.

ఆయన మరో ముందుచూపు ట్రామ్‌ల విషయంలో. బొంబాయి వీధుల్లో విద్యుత్ ట్రామ్‌లు రాబోతున్నాయని తెలియగానే, వాటి కరెంటు తమ అయస్కాంతాలను కలవరపెడుతుందని గ్రహించి, సముద్రానికి ఆవలి ఒడ్డున ఉన్న అలీబాగ్‌ను ఎంచుకున్నారు. 1904 నుంచి 1906 దాకా రెండు చోట్లా పక్కపక్కన రీడింగులు తీయించి, ఆ తర్వాతే కొలాబాలో అయస్కాంత పరిశీలనలు ఆపేశారు. రెండేళ్ల ఆ జంట రికార్డు లేకపోతే కొలాబా అంకెలను అలీబాగ్ అంకెలకు ముడివేసే దారమే ఉండేది కాదు. యూనిట్ మార్చినా, ఊరు మార్చినా సూత్రం ఒకటే. పాతదీ కొత్తదీ కొంతకాలం కలిసి నడవాలి.

వీశెకు, కిలోకు లేని తంటా

కొలతలు మార్చుకోవడం భారతీయులకు కొత్త కాదు. 1957 ఏప్రిల్ 1న అణాలు పోయి నయాపైసలు వచ్చాయి. రూపాయికి 16 అణాలు, 100 పైసలు కాబట్టి అణా అంటే ఆరుంబావు పైసలు. ఆ పావు దగ్గర కొట్టు గల్లాల వద్ద చిల్లర తగవులు తప్పలేదు. వీశెలు, సేర్లు పోయి కిలోలు వచ్చాయి. కానీ వీశె కొలిచినదీ బరువే, కిలో కొలిచేదీ బరువే. అయస్కాంతాల్లో తంటా ఏమిటంటే, యూనిట్‌తో పాటు కొలుస్తున్న వస్తువు అర్థమే మారిపోయింది.

అయస్కాంత క్షేత్రాన్ని రెండు రకాలుగా చెప్పుకోవచ్చు. తీగలో ప్రవహించే కరెంటు కలిగించే క్షేత్ర తీవ్రత ఒకటి. ఆ చోటున్న పదార్థం స్పందన కూడా కలుపుకున్న అభివాహ సాంద్రత రెండోది. సి.జి.ఎస్. పద్ధతిలో గాలిలోనూ శూన్యంలోనూ ఈ రెంటి విలువా ఒకే అంకె. అందుకే చాలాకాలం రెంటినీ గాస్ అనే పిలిచారు. 1930లో అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ వాటిని విడదీసి, సాంద్రతకు గాస్ పేరునే ఉంచి తీవ్రతకు ఓర్‌స్టెడ్ అని పేరు పెట్టింది. విద్యుత్తుకు, అయస్కాంతానికి ఉన్న బంధాన్ని 1820లో కనిపెట్టిన డెన్మార్క్ శాస్త్రవేత్త హాన్స్ క్రిస్టియన్ ఓర్‌స్టెడ్ పేరది.

ఫలితంగా పాత వ్యాసాల్లో ఒకే ఊరి అయస్కాంత బలం ఒకచోట 0.37 గాస్, మరోచోట 0.37 ఓర్‌స్టెడ్ అని కనిపిస్తుంది. సి.జి.ఎస్.లో ఉన్నంతకాలం గొడవ లేదు. అంతర్జాతీయ ఎస్.ఐ. పద్ధతిలోకి రాగానే దారులు చీలిపోతాయి. 0.37 గాస్ అంటే 37 మైక్రోటెస్లాలు. 0.37 ఓర్‌స్టెడ్ అంటే మీటరుకు 29.4 ఆంపియర్లు. ఊరు అదే, క్షేత్రం అదే, అంకెలు మాత్రం రెండు.

ఏదో ఒకటి తేల్చుకోక తప్పలేదు. భూఅయస్కాంత పరిశోధకుల అంతర్జాతీయ సంఘం 1973లో జపాన్‌లోని క్యోటోలో సమావేశమై ఎస్.ఐ. పద్ధతికి మారాలని, భూమి క్షేత్రాన్ని టెస్లాల్లోనే చెప్పాలని నిర్ణయించింది. ఇందులో లౌక్యం ఉంది. ఒక టెస్లా పదివేల గాస్‌లు. ఒక గామా గాస్‌లో లక్షో వంతు. కాబట్టి ఒక గామా కచ్చితంగా ఒక నానోటెస్లా. దశాబ్దాల తరబడి పేరుకున్న పట్టికల్లో ఒక్క అంకె కూడా దిద్దకుండా పైనున్న పేరు మార్చితే సరిపోయింది. పాత వైమానిక సర్వే పటాల మీద గామాల్లో గీసిన రేఖలు నేటికీ చెల్లుతున్నాయంటే కారణం అదే.

ఈ కథకు ఇటీవలి కొసమెరుపు కూడా ఉంది. 2019 మే 20 నుంచి ఎస్.ఐ. నిర్వచనాలు మారాయి. అంతవరకు శూన్యానికి సంబంధించిన అయస్కాంత స్థిరాంకం నిర్వచనం ప్రకారం కచ్చితమైన విలువ. ఇప్పుడది ప్రయోగంతో కొలవాల్సిన విలువ. దాంతో పాత, కొత్త పద్ధతుల మధ్య అచ్చంగా గణితమైన వంతెనలో ఓ వెంట్రుకవాసి సందు ఏర్పడింది. వంద కోట్లలో ఒక వంతుకు కూడా రాని తేడా కాబట్టి వేధశాలలకు ఏ ఇబ్బందీ లేదు.

యూనిట్ లేని అంకె

అసలు ఉచ్చు మరోచోట ఉంది. అయస్కాంతం దగ్గర పెడితే ఒక రాయి ఎంతగా స్పందిస్తుందో చెప్పే విలువ ఉంది. దాన్ని అయస్కాంత గ్రహణశీలత అంటారు. ఇది రెండు పద్ధతుల్లోనూ యూనిట్ లేని ఒట్టి అంకె. కానీ రెండు అంకెలూ ఒకటి కావు. వృత్తాల లెక్కల్లో వచ్చే ‘పై’కి నాలుగు రెట్లు, అంటే సుమారు 12.57 రెట్ల తేడా. గాస్ అనో టెస్లా అనో రాసి ఉంటే చదివేవారు జాగ్రత్త పడతారు. ఏమీ రాసి లేని అంకె ఏ హెచ్చరికా లేకుండా కొత్త లెక్కలోకి జొరబడుతుంది.

దీనివల్ల దెబ్బ తినేది ఖనిజాన్వేషణ. అనంతపురం జిల్లా వజ్రకరూరు ప్రాంతంలో వజ్రాలకు పుట్టిల్లయిన కింబర్లైట్ శిలల జాడ కోసం వాడే సాధనాల్లో అయస్కాంత సర్వే ఒకటి. నేల మీద కనిపించిన అయస్కాంత మార్పును బట్టి కింద ఉన్న శిల ఎంత పెద్దదో, ఎంత లోతునుందో అంచనా వేయాలంటే ఆ శిల గ్రహణశీలత తెలియాలి. పాత పట్టికలోని విలువను యథాతథంగా కొత్త సూత్రంలో వేస్తే రాయి బలాన్ని పన్నెండున్నర రెట్లు తక్కువగా చూసినట్టు. డ్రిల్లింగ్ యంత్రం దిగే చోటే మారిపోవచ్చు.

నిత్య జీవితానికి దగ్గరగా చూస్తే ఆస్పత్రులున్నాయి. ఎమ్మారై యంత్రం శక్తిని టెస్లాల్లో చెబుతారు. మామూలుగా కనిపించే 1.5 టెస్లా యంత్రం అంటే 15,000 గాస్‌లు, భూమి క్షేత్రానికి దాదాపు 30 వేల రెట్లు. కానీ పేస్‌మేకర్ ఉన్నవారు దాటకూడదంటూ యంత్రం చుట్టూ గీసే హద్దును దశాబ్దాలుగా గాస్‌ల్లోనే పిలుస్తూ వచ్చారు. అది ‘5 గాస్ గీత’. ఎస్.ఐ.లో 0.5 మిల్లీటెస్లా. ఎవరైనా తొందరలో దాన్ని 5 మిల్లీటెస్లాలని రాస్తే హద్దు 50 గాస్‌లకు జరుగుతుంది. రోగి యంత్రానికి ఇంకా దగ్గరగా వెళ్తాడు. అయస్కాంతాల బజారు సరేసరి. స్పీకర్లలో, మోటార్లలో వాడే నియోడిమియం అయస్కాంతాల మీద రాసే ఎన్35, ఎన్42 లాంటి గుర్తుల్లోని అంకె మెగా గాస్ ఓర్‌స్టెడ్‌లకు సంక్షిప్తం. ప్రయోగశాలలు వదిలేసిన యూనిట్‌ను వ్యాపారం వదల్లేదు.

తుపానుకు తూకం

మళ్లీ 1,600 దగ్గరికి వస్తే, యూనిట్ సరిపోయినంత మాత్రాన చర్చ ముగియలేదు. నేటి తుపాన్లను గంట సగటుల ఆధారంగా తూస్తారు. కొలాబా పతనం ఒక క్షణంలోని రీడింగు. దాన్నే గంట సగటుగా మార్చితే సుమారు 850 నానోటెస్లాలే వస్తుందని 2006లో మరో పరిశోధక బృందం చూపించింది. ఆ లోతైన పతనానికి కారణం భూమి చుట్టూ తిరిగే వలయాకార విద్యుత్ ప్రవాహమా, లేక ఎగువ వాతావరణంలోని ప్రవాహాలా అన్న వాదన కూడా సాగుతోంది. అంటే మార్పిడిలో యూనిట్ ఒక్కటే కాదు, ఎంతసేపటి సగటు, ఏ ఊరి రీడింగు అన్నవి కూడా మారాలి. నానోటెస్లాల్లో ఉన్న రెండు అంకెలను పోల్చడం కూడా అన్నిసార్లూ సబబు కాదు.

ఈ తకరారు వెనక డబ్బు, ప్రాణాలు ఉన్నాయి. 1989 మార్చిలో 589 నానోటెస్లాల తుపాను కెనడాలోని క్యూబెక్ గ్రిడ్‌ను కూల్చింది. 60 లక్షల మంది తొమ్మిది గంటల పాటు చీకట్లో ఉన్నారు. 2024 మేలో 400 దాటిన తుపానుకు లద్దాఖ్‌లోని హాన్లే ఆకాశం ఎర్రబారింది. వందేళ్లకోసారి వచ్చే తుపానుకు తట్టుకునేలా ట్రాన్స్‌ఫార్మర్లను, ఉపగ్రహాలను రూపొందించాలంటే ముందు ఆ తుపాను ఎంతటిదో తెలియాలి. 850 అనుకుంటే ఒక ఖర్చు, 1,600 అనుకుంటే ఇంకో ఖర్చు. భూమధ్యరేఖకు దగ్గరి ప్రాంతాల నుంచి ఆ తుపానుకు ఉన్న అపురూప సాక్ష్యం కొలాబాదే.

నగరాలు మాత్రం వేధశాలలను తరుముతూనే ఉన్నాయి. హైదరాబాద్‌లో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఆవరణలో 1960ల నుంచి నడుస్తున్న అయస్కాంత వేధశాల చుట్టూ నగరం దట్టంగా అల్లుకుంది. ఆ సంస్థ చౌటుప్పల్‌లో మరో వేధశాలను ఏర్పాటు చేసుకుంది. బొంబాయిలో ట్రామ్‌లు నేర్పిన పాఠమే ఇది.

2023 సెప్టెంబర్ 2న శ్రీహరికోట నుంచి ఇస్రో ఆదిత్య-ఎల్1 బయల్దేరింది. కొలాబాలో ఆ రీడింగులు తీసి అప్పటికి సరిగ్గా 164 ఏళ్లు. భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరాన సూర్యుడి నుంచి వచ్చే అయస్కాంత క్షేత్రాన్ని కొలవడానికి ఆరు మీటర్ల కడ్డీకి రెండు మాగ్నెటోమీటర్లు అమర్చారు. మామూలు రోజుల్లో అవి చూసేది కొద్దిపాటి నానోటెస్లాలే. తుపాను బయల్దేరితే ముందుగా అక్కడే అంకె పెరుగుతుంది, తర్వాత అలీబాగ్‌లో తగ్గుతుంది. గ్రెయిన్లు, అడుగుల నుంచి గాస్, గామాల మీదుగా వచ్చిన కొలాబా అంకెను ఇప్పుడు వాటి సరసన పెట్టి చూడవచ్చు. పాత పుస్తకంలో అంకెతో పాటు అది దేనిలో కొలిచారో కూడా రాసిపెట్టినవారి పుణ్యమది.

మార్పిడి లెక్క

• 1 గాస్ = 0.0001 టెస్లా = 0.1 మిల్లీటెస్లా = 100 మైక్రోటెస్లాలు
• 1 గామా = 0.00001 గాస్ = 1 నానోటెస్లా
• 1 ఓర్‌స్టెడ్ = మీటరుకు 79.58 ఆంపియర్లు
• 1 బ్రిటిష్ యూనిట్ (అడుగు, గ్రెయిన్, సెకను) = 0.046108 గాస్ = 4,610.8 నానోటెస్లాలు
• గాస్ స్వయంగా వాడిన యూనిట్ (మిల్లీమీటరు, మిల్లీగ్రాము, సెకను) = 0.1 గాస్
• 1 మెగా గాస్ ఓర్‌స్టెడ్ = ఘనపు మీటరుకు 7.96 కిలోజౌళ్లు
• గ్రహణశీలత: సి.జి.ఎస్. విలువను 12.57తో గుణిస్తే ఎస్.ఐ. విలువ